భీమశంకరం బొమ్మకి బాక్సుండదు

భీమశంకరానికి ఉన్న జబ్బు ఒక్కటే. బొమ్మ కొన్నాడంటే దాని బాక్సు చించకుండా ఊరుకోలేడు. తన కూతురికి కొన్నదైతే చించుకోనీ, ఎవరు కాదన్నారు? పరాయి పిల్లల పుట్టినరోజుకి కొన్నది కూడా ఇంట్లోనే విప్పేసి, స్క్రూలు బిగించి, స్టిక్కర్లు అంటించి, బ్యాటరీలు వేసి, రెండు రోజులు తను ఆడుకుని, ఆ తర్వాత రంగు కాగితమైనా చుట్టకుండా చంకలో పెట్టుకుని పార్టీకి తెచ్చేవాడు.

అందులో తప్పేముందని మీకు అనిపిస్తే, మీరు ఆ రోజుల్లో కాపెల్‌లో లేరన్నమాట.

టెక్సస్‌లోని మా కాపెల్ ఊళ్లో శనివారం వచ్చిందంటే ఏదో ఒక తెలుగువాళ్ల ఇంట్లో పుట్టినరోజు ఉండాల్సిందే. పిలిచిన ప్రతి ఇంటివాళ్లూ ఒక బొమ్మ తెస్తారు. అందరూ వెళ్లాక పిల్లాడి తల్లి వాటన్నిటినీ ముందేసుకుని కూర్చుంటుంది. ఒకటో రెండో పిల్లాడి చేతికిచ్చి, మిగతావి సీలు చెడకుండా గరాజ్‌లో పై అర ఎక్కిస్తుంది. వచ్చే శనివారం ఇంకో ఇంటికి వెళ్లేటప్పుడు అందులోంచి ఒకటి దిగుతుంది. ఆ ఇంటి తల్లి దాన్ని తన గరాజ్‌లో ఎక్కిస్తుంది. మా గ్రీన్ కార్డుల్లాగే ఆ బొమ్మలు కూడా తమ వంతు ఎప్పుడొస్తుందో తెలియక క్యూలో ఉండేవి. టెక్సస్ ఎండకి లోపల క్రేయాన్లు కరిగి ముద్దయిపోయినా బాక్సు మాత్రం నిన్న కొన్నట్టే తళతళలాడేది. మా కార్లు ఎండలో వీధిలో ఉండేవి, బొమ్మలు నీడన గరాజ్‌లో ఉండేవి.

ఈ విద్యలో మా అందరికీ గురువు ఉమ. వరంగల్ అమ్మాయి, డేటాబేస్ ఉద్యోగం. వాళ్ల గరాజ్‌లో వయసు వారీగా అరలు. ఆడపిల్లలకో వైపు, మగపిల్లలకో వైపు. బొమ్మల షాపువాడు వచ్చి చూసినా సిగ్గుపడాలి.

అలాంటి ఊళ్లో సీలు విప్పిన బొమ్మ ఇచ్చేవాణ్ణి ఏమనాలి? చుట్టానికి ఎంగిలి కంచంలో అన్నం పెట్టినవాణ్ణి ఏమంటామో, మేమూ భీమశంకరాన్ని అదే అనుకున్నాం.

"బాక్సు ఏదండీ?" అని అడిగితే, "రీసైక్లింగ్‌లో వేసేశానండి" అనేవాడు ఎంతో హాయిగా.

"పోనీ రసీదు?"

"అది కూడా కాగితమే కదండీ."

వృత్తికి అతను సాఫ్ట్‌వేర్ టెస్టర్. ప్రోగ్రామర్లు ఎంతో ప్రేమగా రాసుకున్నదాన్ని చెడగొట్టి చూపించడమే అతని ఉద్యోగం. ఆ బుద్ధి ఇంటికి కూడా తెచ్చుకున్నాడని మేం తేల్చేశాం. మనిషి ఆరడుగుల పైన ఉంటాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా డైనింగ్ టేబుల్ మీద వేలాడే దీపానికి తల కొట్టుకుని, దీపానికి సారీ చెప్పేవాడు. బొమ్మ ఇస్తూ తల్లిదండ్రులకి రిపోర్టు కూడా ఇచ్చేవాడు. "ఫైరింజన్ నిచ్చెన రెండు సార్లు ఇరుక్కుందండి. కాస్త నూనె వేశాను. ఇప్పుడు ప్రొడక్షన్‌కి రెడీ." ఇది చాలదన్నట్టు బొమ్మ అడుగున చెరగని మార్కర్‌తో పిల్లాడి పేరు రాసేవాడు. ఇంక దాన్ని ఎవరికిస్తాం?

ఒకసారి బొమ్మల షాపులో కనిపించాడు. కనిపించాడనడం కన్నా కాళ్లకి అడ్డం పడ్డాడనడం నిజం. రెండు అరల మధ్య నేల మీద కూర్చుని, మోకాళ్లు చెవుల దాకా మడిచి, చూడటానికి పెట్టిన కిచెన్ సెట్‌లో వంట చేస్తున్నాడు. పక్కన నాలుగేళ్ల కూతురు రష్మి.

"ఏం చేస్తున్నారండీ ఇక్కడ?"

"టెస్టింగండి, రజిని గారూ. ఈ గిన్నె మూత గిన్నెకి పట్టట్లేదు."

"అయితే కొనకండి."

ఇంతలో రష్మి ఆ మూత తీసి నెత్తిన పెట్టుకుని పోలీసయిపోయింది. వెంటనే ఇతని మొహం వెలిగిపోయింది.

"చూశారా? పాసయిపోయిందండి. పిల్ల దాన్ని దాని పని కానిదానికి వాడిందంటే అది మంచి బొమ్మ. ఒక్క పనే చేసే బొమ్మ ఎందుకండీ, ఆఫీసు బ్యాడ్జీ లాగా."

ఇదీ అతని సిద్ధాంతం. మా సిద్ధాంతాలు వేరు. బాక్సు పెద్దదిగా కనపడాలి. దాని మీద "ఎడ్యుకేషనల్" అని ఉండాలి. వయసు ఎంత రాసుంటే మన పిల్లాడు దానికి సగం ఉండాలి, అప్పుడే నలుగురికీ చెప్పుకోడానికి బాగుంటుంది. ఆ రోజు నా చేతిలో ఉన్నది ఎనిమిదేళ్లు దాటిన పిల్లల ఎలక్ట్రానిక్స్ కిట్. మా అఖిల్‌కి అప్పుడు నాలుగు.

"అఖిల్ అడిగాడాండి ఇది?" అన్నాడు భీమశంకరం.

"నాలుగేళ్ల వాడికి అడగడం ఏం తెలుసండీ?"

"వాడికి చెత్త ట్రక్ అంటే ప్రాణం కదండీ. మొన్న నాకు అరగంట చెప్పాడు."

"అందుకే ఇది కొంటున్నాను, ఆ చెత్త ట్రక్ మర్చిపోతాడని."

అతను ప్లాస్టిక్ గరిటెతో నాకు లేని సాంబారు వడ్డించాడు. ఆ ఎలక్ట్రానిక్స్ కిట్ అఖిల్ పెద్దయ్యాక ఇద్దామని పై అరలో పెట్టాను. మా వారు రవికాంత్ దాన్ని మరుసటి నెలలోనే ఎవరి పార్టీకో పట్టుకెళ్లిపోయారు.

అసలు గొడవ ఉమ కూతురు నీహారిక నాలుగో పుట్టినరోజున వచ్చింది. భీమశంకరం బొమ్మ వాక్యూమ్ క్లీనర్ తెచ్చాడు. అలవాటు ప్రకారం విప్పేసి, బ్యాటరీలు వేసేసి, నీహారిక పేరు రాసేసి. కేక్ మీద కొవ్వొత్తులు వెలిగించి అందరం పాట అందుకోగానే నీహారిక దాని మీట నొక్కింది. అది గుర్రుమని మొదలెట్టింది. పాట వినపడలేదు, వీడియో పాడైంది, పిల్ల కేక్ కోయడం మానేసి కార్పెట్ మీద పడ్డ పులిహోర మెతుకుల వెంట పడింది.

"ఏందండీ ఇది?" అంది ఉమ. "నా బిడ్డకు వాక్యూమ్ క్లీనరా? పెద్దయినంక ఇండ్లు ఊడుస్తదా?"

"తను అడిగిందండి. మీరు వాక్యూమ్ చేస్తుంటే వెనకే తిరుగుతుందట కదా."

"బాక్స్ ఏది? కనీసం మార్చుకుంటం."

"రీసైక్లింగ్‌లో వేసేశానండి."

ఆ తర్వాత ఉమ కాపెల్ అంతా ఫోన్లు చేసింది. ఎంగిలి బొమ్మలు తెచ్చేవాళ్లని పిలవడమెందుకంది. ఎవరూ పెద్దగా వాదించలేదు, నాతో సహా. శనివారాలు వస్తున్నాయి, పోతున్నాయి, భీమశంకరం ఇంటికి మాత్రం పిలుపులు వెళ్లడం లేదు.

అఖిల్ అయిదో పుట్టినరోజు దగ్గర పడుతుండగా మీనాక్షి మా ఇంటికొచ్చింది. భీమశంకరం భార్య. నోట్లో నాలుక లేని మనిషి. కాఫీ కప్పు పట్టుకుని తాగకుండా కూర్చుంది.

"రష్మిని ఎవరూ పిలవట్లేదు రజినీ. డేకేర్‌లో పిల్లలంతా పార్టీల గురించే చెప్పుకుంటారు కదా. మొన్న ఇంటికొచ్చి, 'అమ్మా, నేను నాటీ గర్ల్‌నా?' అని అడిగింది. ఏం చెప్పమంటావు?"

తండ్రి పిచ్చికి పిల్ల శిక్ష అనుభవించడం ఏమిటి? తప్పంతా భీమశంకరానిదే అని నేను ఇంకా గట్టిగా అనుకున్నాను.

"నేను పిలుస్తాను మీనాక్షీ. ఉమ కూడా ఉంటుంది. ఆయన్ని ఈ ఒక్కసారికీ సీలు తీయకుండా తెమ్మను. ఉమ కళ్లారా చూస్తే మళ్లీ అందరూ పిలుస్తారు."

"టెస్ట్ చేయకుండా రిలీజ్ చేయడం పాపమంటారు ఆయన."

"పిల్ల ఏడవడం పాపం కాదా?"

మీనాక్షి వెళ్లి ఆ మాటే అతనితో అందట. అతను చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, "సరే, సీలు తియ్యను. రష్మి కోసం" అన్నాడట.

పార్టీ రోజు వచ్చాడు. గుమ్మంలో తల వంచాడు. చేతుల్లో నీలం రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టిన పెద్ద బాక్సు. బాక్సుతో అతన్ని మేమెవరం ఎప్పుడూ చూడలేదు. పాపం, ఇంటర్వ్యూకి మొదటిసారి టై కట్టుకొచ్చిన కుర్రాడిలా ఉన్నాడు. రష్మి తండ్రి ప్యాంటు పట్టుకుని, లోపలికి రానిస్తారా రానివ్వరా అన్నట్టు మా వైపు చూస్తోంది.

ఉమ బాక్సు చుట్టూ తిరిగి చూసింది. "సీల్డేనా?"

"సీల్డేనండి," అన్నాడు నీరసంగా.

"ఇప్పుడు మంచిగుంది," అంది ఉమ. మీనాక్షి ఊపిరి పీల్చుకుంది. రష్మికి టోపీ పెట్టారు, చేతికి బెలూన్ ఇచ్చారు. నేను ఎంత తెలివిగా పని చక్కబెట్టానో అని మురిసిపోతున్నాను.

అప్పుడు అఖిల్ పరిగెత్తుకొచ్చాడు. వారం రోజులుగా వాడు "భీమా అంకుల్ వస్తారా?" అని నా ప్రాణం తీస్తున్నాడు. భుజాల మీద ఎక్కించుకుంటాడు కాబట్టి కాబోలు అనుకున్నాను. వాడు కాగితం చింపాడు. బాక్సు మీద పచ్చటి చెత్త ట్రక్ బొమ్మ. ఎగిరి గంతేస్తాడనుకున్నాం. వాడి మొహం వాడిపోయింది.

"అంకుల్, ఇది ఎందుకు క్లోజ్ ఉంది?"

"కొత్తది నాన్నా. సీల్డ్."

"క్లోజ్ ఉంటే గరాజ్‌ది. ఓపెన్ ఉంటే నాది." కింద పెదవి వణికింది. "నాది ఎక్కడ ఉంది?"

గదిలో ఉన్న పెద్దవాళ్లందరికీ ఉన్నట్టుండి సమోసాలు చాలా ముఖ్యమైపోయాయి. నేనూ ఒకటి తీసుకున్నాను. ఇంతలో నీహారిక ముందుకొచ్చి సాక్ష్యం చెప్పింది.

"నా వాక్యూమ్ ఓపెన్ ఉంది. అందుకే మమ్మీ ఎవరికీ ఇవ్వలేదు. మిగతావి అన్నీ వేరే వాళ్ల బర్త్‌డేకి వెళ్లిపోయాయి."

ఉమ తన సమోసాలో ఏదో వెతుక్కుంటోంది.

భీమశంకరం అఖిల్ వైపు చూశాడు, రష్మి వైపు చూశాడు. ఆ సీలు చింపితే మాట తప్పినట్టు. చింపకపోతే ఎదురుగా పిల్లాడు ఏడుస్తున్నాడు. అంత పొడుగు మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయాడు.

"ఏమండీ," అంది మీనాక్షి. అంతమందిలో ఆవిడ గొంతు నేను వినడం అదే మొదలు. "కార్లో ఉన్న రెండోది పట్రండి."

"రెండోదా?" అన్నాను.

"రెండు కొన్నారు రజినీ. ఒకటి మీ సీలు కోసం. ఇంకోటి తన టెస్టింగ్ కోసం. నాకు తెలియదనుకుని డిక్కీలో దుప్పటి కింద దాచారు. రెండు రోజుల్నించి, రాత్రి నేను పడుకున్నాక, మా ఇంట్లో చెత్త ఎత్తుతున్నది అదే." ఆవిడ ఉమ వైపు తిరిగింది. "పిలిస్తే పిలవండి, లేకపోతే లేదు. మా ఆయన ఇంతే."

ట్రక్ వచ్చింది. బాక్సు లేదు, పక్కన ఒక గీత పడింది, అడుగున అఖిల్ పేరు. ట్రక్ తన పక్కనున్న మర చెయ్యి చాచి బుల్లి చెత్తడబ్బాని పట్టుకుని ఎత్తి, లోపల కుమ్మరించి, దించింది. అఖిల్ దాన్ని వాటేసుకున్నాడు. పది నిమిషాల్లో పిల్లలంతా నేల మీద బోర్లా పడి సమోసా పొడి డబ్బాకి ఎత్తుతున్నారు. ఎవరి వంతు ఎప్పుడో రష్మి చెబుతోంది, మిగతావాళ్లు వింటున్నారు. మిగిలిన బాక్సుల వైపు ఒక్క పిల్లా చూడలేదు.

డైనింగ్ టేబుల్ దగ్గర భీమశంకరాన్ని పట్టుకున్నాను. "మా గరాజ్‌ల సంగతి మీకు ముందే తెలుసా?"

అతను దీపానికి తల తగలకుండా పక్కకి జరిగాడు. "నేను పొడుగు కదండీ. ఏ ఇంటికి వెళ్లినా పిల్లలు నన్ను గరాజ్‌లోకి లాక్కెళ్లి, 'అంకుల్, అది దించవా' అనేవారు. మీవాడు కూడా. ఒకరి ఇంట్లో వస్తువు నేనెలా దించుతానండీ? విప్పేసి ఇస్తే ఇక పైకి ఎక్కదు కదా అని..."

"మరి ఆ టెస్టింగ్ అంతా?"

"అదీ నిజమేనండి. ఆ ట్రక్ చెయ్యి కాస్త ఎడమకి లాగుతోంది. మైనర్ బగ్."

నాకు సిగ్గేసింది. కానీ అతను మహానుభావుడని నేనిప్పటికీ ఒప్పుకోను. అయిదేళ్ల పిల్లల బొమ్మతో రెండు రోజులు ఆడుకున్నవాడు ఎవరైనా సరే పిచ్చివాడే. కాకపోతే అలాంటి పిచ్చి మా ఇళ్లల్లో తలా కాస్త ఉంటే బాగుండేదనిపించింది.

సీలున్న ట్రక్‌ని మాత్రం అలవాటు కొద్దీ గరాజ్‌లో ఎక్కించాను. మరుసటి నెల నీహారిక అయిదో పుట్టినరోజు. రష్మి రాకపోతే కేక్ కోయనని ఆ పిల్ల మొండికేసిందట, ఉమ స్వయంగా ఫోన్ చేసి మీనాక్షి వాళ్లని పిలిచింది. నేను స్టూలెక్కి ఆ ట్రక్ దించాను. చుట్టడానికి రంగు కాగితం తీశాను. మా ఇంట్లో అఖిల్ ట్రక్ దగ్గర నీహారిక తన వంతు కోసం ఎంతసేపు నిలబడిందో గుర్తొచ్చింది. కాగితం పక్కన పడేసి కత్తెర తెచ్చాను. బ్యాటరీలు వేసి వంటింట్లో ఓసారి చూద్దామని కూర్చుంటే, పొయ్యి మీద పప్పు మాడిపోయింది.

పార్టీలో ఉమ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అడుగున కూతురి పేరు చదివింది. ఆమె వెనకాల భీమశంకరం రష్మిని భుజాల మీద మోస్తూ, ట్రక్ చెయ్యి ఏ వైపుకి లాగుతోందో వంగి చూస్తున్నాడు.

"బాక్స్ ఏది రజినీ?" అంది ఉమ.

"రీసైక్లింగ్‌లో వేసేశాను," అన్నాను.