నా బాక్సుకు నేనెందుకు కిరాయి కట్టాలి?

నలభై మంది చూస్తుండగా, సొంత ఇంట్లో, సొంత రిమోట్‌తో పరువు తీసుకున్నవాడు మా మండలం మొత్తం మీద నేనొక్కడినే. ఆ కథ ఇప్పుడు చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ముందుగా ఒక్క మాట ఒప్పుకోండి: తప్పు సగం నాది, సగం ఆ డిష్ కంపెనీది. అంతా విన్నాక మీరు ఒప్పుకోరని తెలుసు కాబట్టే ముందే అడుగుతున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. మర్రిగూడలో నాకు జిరాక్స్ షాపు ఉండేది, ఇప్పటికీ ఉంది. ఏ సర్టిఫికెట్‌కు కాపీ కావాలన్నా అందరూ నా గుమ్మం ఎక్కాల్సిందే. ఆ ఊపులో ఇంటికి కొత్త డిష్ బాక్సు తెచ్చాను. మామూలు బాక్సు కాదు. మనం ఇంట్లో లేకపోయినా టీవీలో వచ్చేదాన్ని పట్టి దాచిపెట్టే బాక్సు. రెండు నెలలు మహారాజులా అనుభవించాను. మూడో నెల ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. రికార్డింగ్ సదుపాయం కొనసాగాలంటే నెలనెలా రుసుం కట్టాలట!

నా ఒళ్లు మండింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ కొట్టాను. ఒక అమ్మాయి తేనె పూసిన గొంతుతో పలికింది.

"చెప్పండి సార్, మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"బాక్సు నాది. పైసలిచ్చి కొన్న. నా బాక్సుకు నేనెందుకమ్మా కిరాయి కట్టాలె?"

"అది బాక్సుకు కాదు సార్, రికార్డింగ్ సేవకు సార్."

"ఏం సేవ? రికార్డు చేసేది బాక్సు. కరెంటు నాది. రిమోట్ నొక్కే వేలు నాది. మీరు చేసేదేంది?"

"రుసుం కడితే కార్యక్రమం పేరు మీద రికార్డు పెట్టుకోవచ్చు సార్. ప్రసారం ఆలస్యమైనా బాక్సే కనిపెట్టుకుని ఉంటుంది. కట్టకపోతే గంటలు, నిమిషాలు మీరే పెట్టుకోవాలి సార్."

"నాకు గడియారం చూసుడు వచ్చమ్మా!" అని ఫోన్ పెట్టేశాను.

మీరే చెప్పండి. నా దగ్గర ఆధార్ కార్డు జిరాక్స్ తీసుకున్న మనిషి దగ్గరికి నెలనెలా వెళ్లి, "అన్నా, నువ్వు ఆ కాగితం ఇంకా దాచుకున్నవు గదా, రూపాయి తియ్యి" అని అడిగితే ఊరుకుంటాడా? చెప్పు తీసుకుంటాడు. మరి కంపెనీ అడిగితే మనం ఎందుకు తల ఊపాలి? ఈ ప్రశ్న షాపుకొచ్చిన ప్రతివాడినీ అడిగాను. కులం సర్టిఫికెట్ కాపీకి వచ్చిన పెద్దాయనకు అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన అసలు కాగితం నా దగ్గరే మరిచిపోయి వెళ్లిపోయాడు.

మా ఆవిడ సుజాత మాత్రం ఒక్కటే అన్నది. "గంత లొల్లి ఎందుకయ్యా? ఆ నాలుగు పైసలు కట్టరాదు?"

"పైసల సంగతి కాదే. న్యాయం సంగతి."

"న్యాయం నీ షాపుల చూసుకో. ఇంట్ల టీవీ నడవనియ్యి."

సరిగ్గా ఆ రోజుల్లోనే మా బాపు టీవీకెక్కాడు.

బాపు అంటే మా నాన్న, పేరు నర్సింహ. మావి వాన మీద బతికే చేన్లు. ఆ ఏడాది పత్తిలో సాళ్ల మధ్య కంది వేశాడు. వానలు ముఖం చాటేసి అందరి పత్తీ ఎండిపోతే, మాకు కంది చేతికొచ్చింది. ఎవరి నోటో పడి ఆ మాట ఒక టీవీ ఛానెల్‌దాకా వెళ్లింది. కెమెరాతో చేనుకే వచ్చి బాపును మాట్లాడించి వెళ్లారు. నేను షాపులో ఉండి ఆ వైభవం చూడలేకపోయాను.

"ఏం మాట్లాడినవ్ బాపూ?" అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు.

"టీవీల వస్తది గద. జూడు."

మా బాపు గురించి మీకొకటి చెప్పాలి. నాకు పెళ్లయి పిల్లలు పుట్టినా, "మంచిగ చేసినవ్ బిడ్డా" అన్న మాట ఆయన నోటి నుంచి నేను వినలేదు. అలాంటి మనిషి ఈసారి నన్ను చూసి మీసాల కింద నవ్వుకుంటున్నాడు. నాకు తల బద్దలైపోతోంది.

ప్రసారం ఆదివారం పొద్దున పదకొండు గంటలకు. అదే ఆదివారం, అదే పదకొండు గంటలకు, హుజూర్‌నగర్‌లో మా మేనత్త కొడుకు పెళ్లి ముహూర్తం. పెళ్లికొడుకుకు బాపు మేనమామ. ఆయన లేకుండా తాళి కట్టరు.

బాపు నా వైపు చూశాడు. "పెద్దోడా, నీ డబ్బాల పడతదా?"

"పడతది బాపూ! నువ్వు ఫికర్ చేయకు."

సుజాత పక్క నుంచి గొణిగింది. "గీ ఒక్క నెలన్న కట్టయ్యా."

"ఒక్క నెల కడితే ఓడిపోయినట్టే."

"పోనీ ఒక గంట ఎక్కువ పెట్టు."

"పదకొండుకు మొదలైతది, పదకొండున్నరకు ఒడుస్తది. ఎక్కువ పెట్టి ఏం చేసుకుంటం, నూనె అడ్వర్టైజ్‌మెంట్లు చూసుకుంటమా?"

నా జాగ్రత్తలకు మాత్రం లోటు లేదు. కరెంటు పోతుందేమోనని షాపులోని ఇన్వర్టర్‌ను ఆటోలో వేసి ఇంటికి తెచ్చాను. గాలికి డిష్ కదలకుండా తాళ్లతో కట్టాను. కోతి ఎక్కుతుందేమోనని దాని చుట్టూ ముళ్లకంప పెట్టాను. రుసుం ఒక్కటి తప్ప అన్నిటికీ ఖర్చు పెట్టాను.

పెళ్లిలో నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. వడ్డన జరుగుతుంటే పంక్తిపంక్తికీ వెళ్లి, "రేపు పొద్దున మా ఇంటికి రాండ్రి, బాపు టీవీల మాట్లాడిండు, అందరికి చాయ్ ఉంటది" అని పిలిచాను. పెళ్లికొడుకును కూడా పిలిచాను.

తెల్లారి నలభై మంది దిగారు. హాలు నిండి, వాకిలి నిండి, కిటికీలో కూడా రెండు తలలు కనబడుతున్నాయి. బాపు ముతక పంచె విప్పి ఇస్త్రీ పంచె కట్టుకుని ముందు వరుసలో కుర్చీ వేసుకున్నాడు. నేను రిమోట్ పట్టుకుని చిన్నపాటి ప్రసంగం చేశాను. నెలనెలా రుసుం గుంజే కంపెనీలకు సామాన్యుడు ఎలా బుద్ధి చెప్పవచ్చో వివరించాను. ఆ తర్వాత మీట నొక్కాను.

తెర మీద ఎవరో నాయకుడు మైకుల ముందు కూర్చున్నాడు.

"మీ బాపేడి?" అన్నారెవరో.

"వస్తడు, వస్తడు. ఇది ముందటి ముక్క."

ఐదు నిమిషాలైనా నాయకుడు లేవలేదు. పది నిమిషాలు. పదిహేను. ప్రెస్ మీట్ అట, ప్రత్యక్ష ప్రసారమట. కార్యక్రమాలన్నీ వెనక్కి జరిగాయట. ఆ అమ్మాయి తేనె గొంతు చెవిలో మోగింది: ప్రసారం ఆలస్యమైనా బాక్సే కనిపెట్టుకుని ఉంటుంది సార్.

ఇరవై ఐదో నిమిషంలో నాయకుడు లేచాడు. మా చేను కనబడింది! హాలంతా చప్పట్లు. యాంకరమ్మ మా సాళ్ల మధ్య నడుస్తోంది, పత్తి చూపిస్తోంది, కంది చూపిస్తోంది, మా ఎడ్లను కూడా చూపించింది. ఆఖరికి, "ఈ విజయం వెనుక రహస్యం ఏమిటో రైతు నర్సింహ గారి మాటల్లోనే విందాం" అన్నది. బాపు తెర మీదికొచ్చాడు. తువ్వాలు సర్దుకున్నాడు. దండం పెట్టాడు. నోరు తెరిచాడు.

తెర నల్లబడింది. దాని మీద తెల్లటి అక్షరాలు: రికార్డింగ్ ముగిసింది. ఉంచాలా? తొలగించాలా?

బాపు కుర్చీలోంచి తిరిగి నన్ను చూశాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "గంతేనా?" అన్నాడు, అంతే. ఆ ఒక్క మాటకు నేను నేలలోకి దిగిపోయాను.

అప్పుడు గుమ్మం దగ్గరి నుంచి పక్కింటి లక్ష్మమ్మ చిన్నమ్మ అందుకున్నది. మోకాళ్ల నొప్పులతో ఆమె పెళ్లికి రాలేదు. "నేను నిన్న ఇంట్ల కూసొని మొత్తం జూసిన గద! మస్తు మాట్లాడిండు మా బావ."

నలభై తలలూ ఆమె వైపు తిరిగాయి. "ఏమన్నడు చిన్నమ్మా?" అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

"నీ గురించే అన్నడు కొడుకా. పత్తిల కంది ఎయ్యమన్నది మా పెద్దోడే, నాదేం లేదు, అన్నడు. ఇంకేమన్నడంటే..." ఆమెకు నవ్వు ఆగడం లేదు. "ఏడ పైస పెట్టాల్నో, ఏడ పెట్టద్దో, మా పెద్దోనికి ఎరుకైనట్టు మా ఊళ్లె ఇంకెవ్వలికి ఎరుకలేదు, అన్నడు!"

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. కిటికీలో తలలు రెండూ నవ్వు ఆపుకోలేక కిందికి జారిపోయాయి. సుజాత చాయ్ గ్లాసుల పళ్లెం కింద పెట్టి మరీ నవ్వింది. నాకు మాత్రం నిజంగా ఏడుపొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మా బాపు నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అది లోకమంతా విన్నది, నేను తప్ప.

"బాపూ, ఇప్పుడు ఇంకోసారి అనరాదు?" అని బతిమాలాను.

"ఒక్కసారి అన్న గద," అని లేచి చేనుకు వెళ్లిపోయాడు.

మరునాడు షాపు తెరవకముందే రుసుం కట్టాను. ఆ కార్యక్రమం మళ్లీ ఎప్పుడు వేసినా పట్టుకునేలా పేరు మీద రికార్డింగ్ పెట్టాను. ఛానెల్‌వాళ్లను అడిగితే పాత టేపులు లేవన్నారు. కొన్నాళ్లకు ఆ కార్యక్రమమే ఆగిపోయింది. మొన్న ధైర్యం చేసి బాపుతో అన్నాను.

"ఇగ అది మళ్ల రాదు బాపూ. ఇన్నేండ్ల నుంచి ఉత్తగ కడుతున్న. బంద్ చేస్త."

బాపు బీడీ ఆర్పాడు. "అది వచ్చినా రాకున్నా కట్టు పెద్దోడా. నీకు ఏడ పైస పెట్టాల్నో ఎరుకని టీవీల అందరి ముంగట జెప్పిన. నా మాట నిలవెట్టాలె గద."

కాబట్టి నా పెద్ద జిరాక్స్ మెషీన్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నాలుగు పైసల న్యాయం కోసం బాపు నోరు మూయించను. నెలనెలా ఒకటో తారీఖున, ఎవరూ అడగకముందే, తిట్టుకుంటూ కడతాను. తిట్టుకోనని మాత్రం ఒట్టు పెట్టలేను. బాక్సు నాదే కదండీ!