దిగితే ఎక్కలేని సైకిలు

నాలుగో ఫారంలో లెక్కల మాస్టారికీ నాకూ ఒకరి మొహం ఒకరికి గిట్టలేదు. ఇద్దరిలో ఎవరో ఒకరు బడి మానాలి. ఆయనకి పెళ్లాం, పిల్లలు ఉన్నారు కదా అని నేనే మానేశాను. మానేసి ఏలూరులో మా బావ పెట్టిన అద్దె సైకిళ్ల షాపులో చేరాను. ముప్ఫైల నాటి సంగతి ఇది. అప్పటికి మా ఊళ్లో సైకిలు తొక్కేవాళ్లకంటే వాళ్లను నిలబడి చూసేవాళ్లే ఎక్కువ.

పంక్చర్లు వేయడం మా బావ పని, దారి చెప్పడం నా పని. వచ్చిన మనిషి వాలకం చూసి ఏ దారిన పంపాలో తేల్చేవాణ్ణి. మనిషి మాట ఎలా ఉన్నా సైకిలు క్షేమంగా తిరిగి రావాలి కదా. ఆ దారులకి నేను నోట్లో పళ్ల పేర్లు పెట్టుకున్నాను. కొత్తగా నేర్చేవాళ్లకి పాలపళ్ల దారి, అంటే కాలువ గట్టు. ఎత్తూ పల్లం లేదు. ఒక పక్క పడితే గడ్డి, రెండో పక్క పడితే నీళ్లు, రెండూ మెత్తనివే. పడవ లాగేవాళ్లు తాడు భుజాన వేసుకుని ఎదురొచ్చినప్పుడు మాత్రం దిగి తలొంచాలి. లేకపోతే తాడే దింపుతుంది.

కాస్త కాళ్లు తిరిగినవాళ్లకి కోరపళ్ల దారి, ట్రంకు రోడ్డు. గుండుగొలను దాకా చింతచెట్ల నీడ, ఎడ్లబండ్ల దుమ్ము, మధ్య మధ్య మజ్జిగ. భీమడోలులో ఓపిక అయిపోతే సైకిలుతో సహా రైలెక్కి వచ్చేయొచ్చు. అలా వచ్చినవాళ్లు కూడా షాపు దగ్గర చెమట తుడుచుకుంటూ దిగేవారు. చేవగలవాళ్లు తాడేపల్లిగూడెం దాకా పోయి, అక్కడ కాఫీ తాగి, తిరిగొచ్చి వారం రోజులు ఆ కాఫీ గురించే మాట్లాడేవారు. భీమడోలు నుంచి ఉత్తరంగా తిరిగితే మెట్ట, ఎర్రమట్టి ఎత్తులు. అది దవడపళ్ల దారి. నమిలి నమిలి ఎక్కాలి.

ఇక జ్ఞానదంతం దారి కొల్లేరు. అది అందరికీ రాదు, వచ్చినవాళ్లకి నొప్పి తప్పదు. ఎండలు ముదిరి నీళ్లు వెనక్కి తగ్గాక, పెచ్చులు కట్టిన బురద మీద లంక నుంచి లంకకి జనం నడిచిన గీత ఒకటి పడుతుంది. అదే దారి. వానాకాలం వెళ్లి చూస్తే ఆ దారి మీద చేపలు తిరుగుతుంటాయి.

ఒకనాడు మిషన్ బడి టీచరమ్మగారు ఒక ఆడవాళ్ల సైకిలు నడిపించుకుంటూ షాపుకి వచ్చారు. నాకంటే పదేళ్లు పెద్ద ఉంటారు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆ సైకిలు సీమకి వెళ్లిపోయిన ఒక దొరసానిది. దొరసాని తాటిచెట్టంత మనిషి కావడంతో సీటు పైకంటా లేపి బిగించారు. బిగించిన బోల్టు తుప్పు పట్టి సీటు అక్కడే ఉండిపోయింది. మా బావ కిరసనాయిలు పోసి, సుత్తి పెట్టి కొట్టి, చివరికి దాంతో మాట్లాడటం మానేశాడు.

"తమ్ముడూ, నేను దీని మీద కొల్లేట్లో మా లంక దాకా వెళ్లాలి," అన్నారావిడ.

"ఎప్పటికండీ?"

"నెలాఖరుకి."

"ఇంతకుముందు సైకిలు ఎక్కారా అక్కయ్యగారూ?"

"ఎక్కితే నీ దగ్గరికి ఎందుకొస్తాను?"

సంగతేమిటంటే, లంకల్లో మిషన్ వాళ్ల బళ్లు నాలుగున్నాయి. వాటిని చుట్టి రావడానికి ఒక మనిషి కావాలి. ఆ ఉద్యోగం ఈవిడ అడిగారు. బళ్ల మీద పెద్దగా ఉన్న అయ్యగారు, ఆడమనిషి తోడు లేకుండా అంత దూరం ఎలా తిరుగుతుంది, మగ మేష్టరికి ఇచ్చేద్దాం అన్నారు. ఈవిడ సైకిలు మీద తిరుగుతానన్నారు. అయితే ఫలానా రోజున లంక బడికి సైకిలు మీద రండి, నేను అక్కడే ఉంటాను, చూసి ఇస్తానన్నారాయన.

"మేష్టరు తిరిగితే ఏమైందండీ?" అన్నాను.

"ఆడపిల్లల్ని పంపరు తమ్ముడూ. చిన్నప్పుడు నన్ను బడికి పంపారంటే అక్కడ ఒక టీచరమ్మ ఉండబట్టే."

ఆ మాట తర్వాత నేనింక హాస్యమాడలేదు. ఓ గంటసేపు.

కాలువ గట్టు మీద ఆవిడ ఒక్క పూటలో నిలదొక్కుకున్నారు. నేను నోరు తెరిచి చూస్తుంటే, "తాటిదోనెలో నిలబడి గెడ వేసినదాన్ని, ఇదెంత?" అన్నారు. తాటిమాను తొలిచిన దోనె, అందులో ఊపిరి గట్టిగా పీల్చినా పక్కకి ఒరుగుతుంది. దాని ముందు సైకిలు మంచం లాంటిది. చీర గోచీ పోసి, లంక ఆడవాళ్లు నీళ్లలో దిగేటప్పుడు కట్టినట్టు కట్టేవారు.

ఒక్కటే చిక్కు. ఆ సీటు మీద నుంచి ఆవిడ కాలు నేలకి అందదు. ఎక్కాలంటే వంతెన గోడో, అరుగో, మైలురాయో ఉండాలి. దిగాలన్నా అంతే. దిగడానికైతే నా భుజమైనా సరిపోతుంది, ఎక్కడానికి అది చాలదు. తొక్కడం వచ్చింది కానీ, దారి మధ్యలో దిగితే మళ్లీ ఎక్కడం రాదు.

ఆ మాత్రం దానికేం అని ట్రంకు రోడ్డు మీద గుండుగొలనుకి బయల్దేరదీశాను. ఊరు దాటామో లేదో, బండి మీద వస్తున్న పెద్దాయన, "ఏవండీ, ఎందాకా అండీ?" అన్నారు. ఆవిడ టక్కున ఆపి, పక్కన పరుగెత్తుతున్న నా భుజం మీద వాలి, దిగి, చెంగు సర్దుకుని, "గుండుగొలను దాకా అండీ," అన్నారు. ఎవరి తాలూకండీ అన్నారాయన. చెప్పారు. మా తోడల్లుడిదీ ఆ పక్కేనండి అన్నారాయన. ఆ తోడల్లుడి మోకాలి నొప్పి దాకా వెళ్లి వచ్చాం. తర్వాత మైలురాయి వచ్చేదాకా నడక. ఎక్కి నాలుగు బారలు పోయామో లేదో, గడ్డిమోపు దించుకుంటున్న ఒకామె, "ఏ ఊరండీ?" అంది.

మాది మర్యాదల దేశం. దారిన పోయేవాణ్ణి ఎందాకా అని అడగకపోతే అడగనివాడికి తప్పు, ఆగి చెప్పకపోతే చెప్పనివాడికి తప్పు. ఆ రోజు సైకిలు ఆవిడను మోసినదానికంటే మేమిద్దరం దాన్ని మోసిందే ఎక్కువ.

"సీటు మీద నుంచే చెప్పేయండి అక్కయ్యగారూ."

"పెద్దవాళ్లకి, సీటు మీద కూర్చునా? టీచర్ని తమ్ముడూ నేను. రేపు వాళ్ల పిల్లల్ని నా బడికి పంపమని ఏ మొహంతో అడగను?"

అందుకని నేనొక ఉపాయం చేశాను. వెళ్లాల్సిన రోజు షాపులో ఇంకో సైకిలు తీసుకుని, ఆవిడకి కూతవేటు ముందు నేను బయల్దేరాను. మనిషి కనపడితే చాలు, వాళ్లు అడిగేలోపే అందుకునేవాణ్ణి. "వెనక వచ్చే ఆవిడ మిషన్ టీచరుగారండీ, ఏలూరు నుంచండీ, లంక దాకా అండీ, భోజనం అయిందండీ, ఆగితే ఎక్కలేరండీ, ఏమీ అనుకోకండీ." సగం మంది నవ్వి దారిచ్చారు. ఒకాయన మాత్రం, "మరి తమరెవరండీ?" అని నన్ను పట్టుకున్నారు. నా సంగతి ముందుగా చెప్పేవాడు ఎవడూ లేకపోయె.

పంటచేలు అయిపోయి, కొల్లేటి నేల మొదలైంది. చుట్టూ ఎటు చూసినా చదును. దూరంగా నీళ్ల మెరుపు, కొంగలు. ఆ ఎండిన బురద మీద ఆవిడ సైకిలు పటపట చప్పుడు చేస్తూ పరుగు తీస్తుంటే నాకే ముచ్చటేసింది. కొల్లేటి అడుగున మైలురాయి ఎవడు పాతుతాడు? ఇక్కడ దిగితే లంక దాకా నడకే. నడిచి వెళ్తే ఉద్యోగం లేదు.

సరిగ్గా అక్కడ ఒక ముసలాయన వల భుజాన వేసుకుని ఎదురొచ్చాడు. నేను నా దండకం చదివాను. ఆయన వినిపించుకోలేదు.

"ఎవరూ, మా అమ్మాయిలా ఉందే," అన్నాడు, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టి.

ఆవిడ మొహం చూడాలి అప్పుడు. చిన్నప్పుడు వరదలో ఆవిణ్ణి భుజాన వేసుకుని దాటించిన పొరుగింటి చేపలాయన. వరసకి మామయ్య. ఆగకుండా వెళ్లడమంటే అయ్యే పని కాదు. ఆగితే ఎక్కే పని కాదు.

ఆవిడ ఆగలేదు, వెళ్లనూ లేదు. ముసలాయన చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

"బాగున్నావా మామయ్యా?"

"బాగానే ఉన్నానమ్మా. ఏంటమ్మా ఇది?"

"సైకిలు మామయ్యా. అత్తయ్య నడుం ఎలా ఉంది?"

"అలాగే ఉంది," అంటూ ఆయన కూడా ఆవిడ వెంట గుండ్రంగా తిరుగుతున్నాడు. "నా చుట్టూ ప్రదక్షిణలేంటమ్మా, మీరు ఆదివారం గుళ్లోకి వెళ్లేవాళ్లు కదా?"

"ఆగితే ఎక్కలేను మామయ్యా. ఆగకపోతే నీకు కోపం."

"నాకెందుకమ్మా కోపం," అన్నాడు ముసలాయన. "కళ్లు తిరుగుతున్నాయి. పో తల్లీ, పో."

వెనక్కి తిరిగి చూస్తే ఆయన వల కింద పడేసి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నవ్వుతున్నాడు.

లంక ఊళ్లన్నీ దిబ్బల మీదే ఉంటాయి, బడి కూడా అంతే. ఆవిడ దిబ్బ ఎక్కుతుంటే పిల్లలు కేకలేస్తూ వెనక పడ్డారు. బడి ముందు అయ్యగారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన చుట్టూ కాస్త ఖాళీ జాగా, పక్కనే నడుమెత్తు అరుగు. అరుగు పక్కన ఆగి హాయిగా దిగిపోవచ్చు. ఆవిడ దిగలేదు. అయ్యగారి చుట్టూ తిరిగారు.

"వచ్చానండీ," అన్నారు.

"చాలా సంతోషం అమ్మా. దిగండి."

"ఉద్యోగం సంగతి ఏం చేశారండీ?"

"చూద్దాం అమ్మా. కమిటీతో ఒక మాట..."

"చూడండి," అని ఆవిడ ఇంకో చుట్టు తిరిగారు. పిల్లలు కూడా వెనకే. అయ్యగారు గొడుగుతో సహా ఆవిడ వైపు తిరుగుతూ, తిరుగుతూ, మూడు చుట్లకి కాస్త తూలారు.

"దిగండమ్మా, మాట్లాడదాం."

"మీరు చెప్పండి, నేను దిగుతానండీ."

ఆయన నా వైపు చూశారు. "ఈవిడకి ఆపడం రాదాండీ?" అని అడిగారు.

"వచ్చండీ," అన్నాను. "ఇష్టం లేనట్టుందండీ."

అయ్యగారు గొడుగు మూసి, అరుగు మీద కూర్చుని, తల పట్టుకున్నారు. "ఇచ్చాను తల్లీ. రేపట్నుంచే అనుకోండి. ముందు దాన్ని ఆపండి."

ఆవిడ అరుగు పక్కకి వచ్చి, దాని మీద కాలు పెట్టి, మెత్తగా దిగారు. దిగి, చెంగు భుజాల నిండా కప్పుకుని, రెండు చేతులూ జోడించి, పెద్దవాళ్లకి నిలబడి పెట్టాల్సిన దండం అప్పుడు పెట్టారు.