ఐదు రేకల పందెం

1949 ఫిబ్రవరి 13, ఆదివారం, మాఘ పున్నమి. పొద్దున ఏడు గంటల ఇరవై నిమిషాలకు, మోత్కూరులో మా అత్తవారింటి వాకిట్లో, పదిమంది చూస్తుండగా నేను మొదటి రేక ఎత్తాను. గంట అంత కచ్చితంగా ఎలా తెలుసని మీరు అడగవచ్చు. మా ఇంటికి ఎదురుగా ఉన్న బట్టల దుకాణంలో గోడ గడియారం ఉండేది. (అది పది నిమిషాలు ముందు నడిచేది. ఆ పది తీసేసే చెబుతున్నాను.)

ఆ రోజుల్లో మా సాలెవాళ్ల ఇళ్లలో కల్లు అంటే తాగి పడిపోయే వస్తువు కాదు. పొద్దున జొన్న గటక ఎట్లాగో సాయంత్రం రెండు రేకల కల్లు అట్లాగ. రేక అంటే తాటాకును దోనెలా మడిచి రెండు చేతులా పట్టుకునేది. ఒకరు లొట్టి అనే కల్లు కుండ వంచి పోస్తుంటే ఇంకొకరు ఆ ఆకు మొన నోటికి పెట్టుకొని తాగాలి. మొదట నాలుగు చుక్కలు నేల తల్లికి సాక పోయాలి. రేక నోటికి పెట్టుకున్నాక మధ్యలో దించకూడదు, మిగిల్చి పారబోయకూడదు. మగవాళ్లు ఊరి బయట తాటి వనంలో, మండువ అనేచోట కూర్చుని తాగేవారు. ఆడవాళ్లకు మిగిలింది ఇంటికి వచ్చేది. అయితే 1947 దసరా దాటినప్పటి నుంచి ఆ మండువ ఖాళీ అయింది. పగలు రజాకార్ల భయం, రాత్రి సంఘం వాళ్ల కబురు, రెంటికీ మధ్య పోలీసులు. నలుగురు మగవాళ్లు ఒక చెట్టు కింద కూర్చుంటే ఎవరో ఒకరికి అనుమానం వచ్చేది. మేము కూర్చున్నది కల్లుకయ్యా అని ఖాళీ లొట్టి బోర్లించి చూపినా వినేవాడు లేడు. అందుకని కల్లే ఇళ్లకు నడిచి వచ్చింది. దాని వెనకే మగవాళ్లూ వచ్చి, పెండ్లాల ఎదుట కూర్చుని తాగవలసిన కష్టంలో పడ్డారు. "ఇంట్ల తాగితే ఎక్కుతలేదు" అని మా మామ ఏడాదిపాటు దిగులుపడ్డాడు.

మా మామను ఊళ్లో నాలుకాయన అనేవారు. మగ్గం మీద ఆయన చేయి మామూలుదే కాని నాలుకకు పేరు పడింది. మాకు కల్లు పోసే గౌండ్లాయనను మామ బావా అని పిలిచేవాడు, అందుకని ఊరంతటికీ ఆయన గౌండ్ల బావ. ఆయన గీసే తాళ్లలో, అంటే తాటి చెట్లలో, మా ఇంటికి వాడికగా పోసేవి ఐదు. కాల్వ పక్కది కాల్వ తాడు. బండ మీద మొలిచింది బండ తాడు. పిడుగు పడి ఒకవైపు కాలిపోయి కూడా బతికింది ఉరుముల తాడు. ఒకే మొదలు నుంచి పుట్టినట్టు పక్కపక్కన ఉన్న రెండూ అక్క, చెల్లె. మామ రేక దించి, కళ్లు మూసుకొని, మీసాన్ని ఒకసారి తుడుచుకొని, ఇది ఫలానా తాడుది అని తీర్పు చెప్పేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపేవారు. (కాదనడానికి వాళ్లకు తెలిస్తేగా.)

నాది మహబూబ్‌నగర్ వైపు, కోస్గి. అందుకని అత్తవారింట్లో నా పేరు పోయి కోస్గిపిల్లనయ్యాను. మా వైపు తాళ్లు తక్కువ, ఈత చెట్లు ఎక్కువ. మేము ఈత కల్లు తాగి పెరిగినవాళ్లం. మోత్కూరు వాళ్లకు అది కల్లే కాదు. "ఈత కల్లా? అది పశువులు గూడ వాసన సూసి తల తిప్పుకుంటయి" అని మా అత్త వచ్చినవాళ్లకల్లా చెప్పేది. నూలు కండెలు చుట్టడం, కల్లు వడగట్టడం, అత్త గుడాలు, అంటే కల్లులోకి నంజుకునే గింజలు, ఉడకబెట్టిన కుండ తోమడం నా పనులు. లొట్టిలో పడిన చీమలూ తేనెటీగలూ వడగట్టే గుడ్డలో నిలుస్తాయి. కాల్వ తాడు కల్లులో నల్ల చీమలు, బండ తాడు దానిలో ఎర్ర చీమలు, అక్కచెల్లెళ్లలో తేనెటీగలు. మొదట చీమలను బట్టి చెట్టు గుర్తుపట్టాను. తరువాత చీమలు లేకపోయినా గుర్తుపట్టడం వచ్చింది, ఎందుకంటే వడగట్టిన చేయి ఊరికే ఉండదు కదా. రోజుకు ఒక గుక్క లెక్కన నా చదువు సాగింది.

పోలీసు చర్య అయి నాలుగు నెలలు దాటాక, ఒక సాయంత్రం మామ రేక దించి, "గిది బండ తాడు. గొంతుల జర గరుకు తాకుతాంది సూడుండ్రి" అన్నాడు. తలుపు వెనక నుంచి నా నోరు నన్నడగకుండా, "కాదు, కాల్వ తాడు" అంది.

"ఎవలది గా మాట?" అన్నాడు మామ.

"ఎవలదేంది, నీ కోడలిదే" అంది అత్త. "ఈత కల్లు తాగిన నోరు, తాటి కల్లుకు తీర్పు చెప్పవట్టింది."

మరునాడు పొద్దున్నే మామ గౌండ్ల బావను వాకిట్లో నిలబెట్టి అడిగాడు. బావ లొట్టి దించి, మామ ముఖం చూసి, నా ముఖం చూసి, ఎటు చెబితే ఏమవుతుందో ఆలోచించి, చివరికి నిజమే చెప్పాడు. "బండ తాడు నిన్న నేను ఎక్కనే లేదు. కాల్వ తాడు దిగినంక మోకు తెగింది. అది కాల్వ తాడుదే." ఆ రోజంతా మా మామ మగ్గం చప్పుడు వేరుగా వినిపించింది.

ఆ వారంలోనే నకిరేకల్ అంగడికి వచ్చిన నూలు వ్యాపారి ఒకాయన మా నాయిన చెప్పిన కబురు తెచ్చాడు. మా అమ్మకు కళ్లు మసకబారుతున్నాయి. మనిషి ఆకారం తెలుస్తున్నదట, ముఖం తెలియడానికి దగ్గరికి రావలసి వస్తున్నదట. పూర్తిగా పోకముందే బిడ్డను ఒకసారి చూపించమన్నారు. పెండ్లయిన ఏడు ఆషాఢానికి పుట్టింటికి వెళ్లి వచ్చినదాన్ని, పందొమ్మిది నెలలుగా మళ్లీ వెళ్లలేదు. దారులు లేక కొన్నాళ్లు, దారులు తెరిచాక పనులు తెమలక కొన్నాళ్లు. మామ కబురు విని, "ఉగాది పోనీ. పెండ్లిళ్ల చీరెలు మగ్గం మీదున్నయి. తొవ్వల మిలిట్రీ లారీలు ఇంక తిరుగుతనే ఉన్నయి" అన్నాడు. అది కాదనే మాటకు మర్యాద వేషం అని నాకు తెలుసు. ఉగాదికి ఇంకా నెలన్నర. కళ్లు నెలన్నర ఆగుతాయని ఎవరు రాసిచ్చారు?

ఆ రాత్రి అన్నాల దగ్గర నేను నేల చూస్తూనే అన్నాను. "మామా, మొన్న కాల్వ తాడు సంగతి నేను చెప్పిందే నిజమైంది గద. అట్లనే ఇంకోసారి చెప్త. చెప్తే మా అమ్మను సూపిస్తవా?"

మా ఇంటాయన చేతిలో ముద్ద ఆగిపోయింది. అత్త ఏదో అనబోయింది. మామ చేయి ఎత్తి ఆమెను ఆపాడు. ఆయనకు కూడా ఈ లెక్క తేలాలని ఉంది. "ఆదివారం పొద్దుగాల ఐదు రేకలు" అన్నాడు. "ఐదిటికి ఐదు పేర్లు చెప్పాలె. చెప్తే మంగళారమే బండి కట్టి నేనే తోల్కపోత. ఒక్కటి తప్పినా వానకాలందాక పుట్టింటి మాట ఎత్తొద్దు. ఇష్టమేనా?"

"ఇష్టమే" అన్నాను. (ఆ మాట అన్నాక గుడాలు గొంతు దిగలేదు. అవి మామూలుగానూ దిగడం కష్టమే, ఆ సంగతి ముందుకు వస్తుంది.)

ఆదివారం పొద్దున వాకిలి నిండిపోయింది. మండువ పోయినప్పటి నుంచి పదిమంది ఒకచోట కూర్చుని కల్లు చూడలేదు కాబట్టి, ఊళ్లో సగం నాలుకలు అక్కడే ఉన్నాయి. మామ న్యాయం తెలిసిన మనిషి; చీమల రహస్యం ఎవరు చెప్పారో గాని, అన్ని లొట్లనూ తానే రెండుసార్లు వడగట్టాడు. ఏ లొట్టిలో ఏముందో ఆయనకూ గౌండ్ల బావకూ తప్ప తెలియదు.

మొదటి రేక కాల్వ తాడు. అది మెత్తగా, తీపిగా, కొత్త కోడలిలా తల వంచుకొని వస్తుంది. దాని సంగతి గంట తరువాత గాని తెలియదు. చెప్పాను. బావ తలూపాడు. రెండోది ఉరుముల తాడు. దానిలో ఎక్కడో కాలిన కట్టె వాసన ఉంటుంది. పిడుగు పడి ఇరవై ఏళ్లయినా ఆ చెట్టు మరిచిపోలేదు. చెప్పాను. మూడోది బండ తాడు. నాలుక మీద ఉప్పురాయి పెట్టి తీసినట్టుంటుంది, గొంతులో గరుకు తగులుతుంది. చెప్పాను. వాకిట్లో గుసగుసలు మొదలయ్యాయి.

నాలుగో రేకకు కొంచెం సేపు పట్టింది. అక్కా చెల్లె ఇద్దరిదీ ఒకటే రుచి అని ఊరంతా అనుకునేది. అక్క కల్లు నోట్లో పడగానే పులుస్తుంది. చెల్లె మింగాక పులుస్తుంది. నేను మింగి, ఆగి, "చెల్లె" అన్నాను. బావ రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, అంటే సరే అని అర్థం.

అప్పటికి నాలుగు రేకలు, ఒక్కటీ మధ్యలో దించకుండా. అత్త నా వంక చూసి, "ఏం పిల్లా, తల తిరుగుతాందా? చాలిస్తవా?" అంది.

"తల తిరుగుతలేదత్తా" అన్నాను. "గుడాలల్ల ఉప్పు ఎక్కువైంది. ఇయ్యాల్లనే కాదు, రోజూ ఎక్కువనే."

ఏళ్లుగా ఊళ్లో ప్రతి నాలుకకూ తెలిసిన మాట అది, ఒక్కరూ అనలేదు. లోపల మగ్గం గుంతలో కూర్చున్న మా ఇంటాయన నవ్వు ఆపుకోబోయి దగ్గాడు, పోగు నడిపే నాడె తప్పి పోగులు తెగిన చప్పుడు బయటికి వినిపించింది.

ఇక ఐదో రేక. "ఇంక చెప్పుడేంది, మిగిలింది అక్కనే గద" అని ఒక ముసలాయన లేవబోయాడు. లెక్క ప్రకారం అంతే. ఐదు తాళ్లలో నాలుగు పోతే ఒకటి. నాకు లెక్క మీద పుట్టినప్పటి నుంచీ భక్తి. తాగకుండానే అక్క అని చెప్పి లేచిపోవచ్చు. కాని రేక నోటికి పెట్టుకోక తప్పదు, పెట్టుకున్నాను. మొదటి గుక్కలోనే లెక్క ఒకటి చెప్పింది, నాలుక ఇంకొకటి చెప్పింది. పలచన. పొద్దు పొడవకముందు దించిన చల్లదనం. ముందు ఖర్జూరపు తీపి, వెనక సన్నని పులుపు. కోస్గిలో చలికాలం పొద్దున అమ్మ నాకు చెంబు అందించి, "మెల్లగ తాగు, పొలమారుతది" అనే గొంతు వినిపించింది. రేక ఖాళీ అయ్యేసరికి నా కళ్లలో నీళ్లు నిండాయి. అందరూ నేను ఓడిపోయాననే అనుకున్నారు. మామ మీసం తుడుచుకున్నాడు.

"ఇది అక్క కాదు" అన్నాను. "చెల్లె గాదు. తాడే గాదు. ఇది ఈత కల్లు."

మొదట నవ్వింది గౌండ్ల బావ. "నేను ముందే చెప్పిన, వినకపోతివి" అన్నాడు మామతో. చెరువు వెనక తుప్పల్లో ఆయన తన కోసమే గీసుకునే మూడు ఈత చెట్లు ఉన్నాయన్న సంగతి కూడా ఆ పొద్దే ఊరికి తెలిసింది.

"ఐదు తాళ్లని చెప్పి ఈత కల్లు పోస్తవా? పెద్దమనిషివేనా?" అంది అత్త, ఉప్పు సంగతి మరిచి నా పక్కన నిలబడి.

"ఐదు రేకలన్న గని ఐదు తాళ్లన్ననా?" అన్నాడు మామ. ఆ మాటలో బలం లేదని ఆయనకే తెలిసింది. నా వైపు తిరిగి, "నీకెట్ల ఎరుకైంది బిడ్డా? రెండు సార్లు వడగట్టిన దాన్ని" అన్నాడు.

"మామా, నువ్వు ఎన్నడన్న ఈత కల్లు తాగినవా?"

"థూ, నేనెందుకు తాగుత."

"దాని రుచేందో నీకు ఎరుకలేదు. ఎరుకలేనిదాన్ని ఎట్ల దాస్తవు? అదీ నా దగ్గర?"

అట్లా నవ్విన వాకిలిని ఆ రెండేళ్లలో నేను చూడలేదు. చివరికి మామ కూడా నవ్వాడు. నేను గొప్పగా లేచి లోపలికి నడిచాను, అంటే నడిచాననే నేను అనుకున్నాను. కాలు తగిలి ఒక లొట్టి పగిలింది, గడప తగిలి నేను పడ్డాను. కాల్వ తాడు గంట తరువాత తెలుస్తుందని చెప్పాను కదా.

మంగళవారం బండి కట్టారు. భువనగిరి దాకా బండి, ఆ తరువాత రైళ్లు, ఆ పైన బస్సు. మూడో రోజు కోస్గిలో దిగాము. అమ్మ నన్ను వాకిట్లోకి, ఎండలోకి లాగి, గడ్డం పట్టుకొని, ముఖం అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. "చిక్కినవు" అంది. (నేను చిక్కలేదు. అయినా ఆ మాట వినడానికే అంత దూరం వెళ్లాను.) సాయంత్రం నాయిన బిడియపడుతూ, "మాది ఈత కల్లు బావా, మీకు నచ్చుతదో లేదో" అని మామ రేకలో పోశాడు. మామ తాగాడు. కళ్లు మూసుకున్నాడు. మీసం తుడుచుకోలేదు. రేక మళ్లీ ముందుకు చాపాడు. రెండోది కూడా అయ్యాక, "మీ చెట్ల పేర్లేంది?" అని అడిగాడు.

"ఈత చెట్లకు పేర్లేంది బావా" అన్నాడు నాయిన.

మామ ముఖంలో ఆ రోజు కలిగినంత బాధ పందెం ఓడినప్పుడు కూడా లేదు. పది రోజులున్నాము. ఉగాది, మగ్గం, మిలిట్రీ లారీలు, ఏవీ గుర్తు రాలేదు ఆయనకు. పొద్దునా సాయంత్రం వాగు ఒడ్డున తిరిగి, ఒక్కో చెట్టు కల్లు తాగి, ఒక్కోదానికి పేరు పెట్టి వచ్చాడు. అందరికంటే తీయని చెట్టుకు కోస్గిపిల్ల అని పెట్టాడు.

ఇప్పుడు నా నాలుకకు అల్లమూ బెల్లమూ ఒకటే. మనవలు సీసాలు తెచ్చి, అవ్వా, ఇది చూడు, నువ్వు పెద్ద రుచులదానివట కదా అంటారు. రెండు చేతులూ దోనెలా పట్టి పోయమంటాను, వాళ్లకు అర్థం కాదు. అయినా ఒక గుక్క తాగి, కళ్లు మూసుకొని, "ఉరుముల తాడు" అంటాను. కాదనడానికి వాళ్లకు తెలిస్తేగా.

ఆ పందెంలో, ఆ తరువాత, పోయినవి ఇవి. లొట్టి ఒకటి. ఎడమ చేతి గాజులు మూడు. మగ్గం మీద తెగిన పోగులు, అతికేసరికి ఒక పూట. అత్త గుడాలకున్న పేరు. (మరునాటి నుంచి ఉప్పు తగ్గింది, దాన్ని లాభంలో వేయాలి.) మామ, గౌండ్ల బావ, ఒకే ఏడు. తాళ్లలో అక్క, చెల్లె, రోడ్డు వెడల్పు చేసినప్పుడు. అమ్మ చూపు, ఆ ఏడు దీపావళి కల్లా. అది నా ముఖం చూశాకే పోయింది కాబట్టి, దాన్ని లెక్కలో సగమే వేశాను.