కరువేడు ఎల్లక్క వేసిన చేపల బుట్ట

పెద్దపల్లి అంగడిలో ఎండుచేపల గంపల దగ్గరికి రాగానే నా మనవరాలు చున్నీతో ముక్కు మూసుకుంటుంది. నేను మాత్రం కాసేపు నిలబడతాను. ఆ వాసనకు మా గూనపెంకుల ఇంటి ముందు చాప మీద ఎండే పరక చేపలు, కాకులను అదిలిస్తూ కట్టె పట్టుకుని కూర్చున్న నన్ను కన్న అవ్వ, మగ్గం గుంతలోంచి వినిపించే బాపు దగ్గు, అన్నీ ఒక్కసారే ముందుకొస్తాయి. వాటి వెంటే ఎల్లక్క, ఆమె వెంటే ఇన్నేళ్లయినా చల్లారని నా కుళ్లు.

నాకు పదేళ్లప్పుడు వానలు పడలేదు. పంటల్లేక బట్ట కొనేవాళ్లు లేరు, బాపు మగ్గం ఆగిపోయింది. ఏటా బతుకమ్మకు నువ్వులు, పల్లీలు, పెరుగు కలిపి అవ్వ చేసే సద్దుల కోసం పొద్దున్నుంచీ వంటింటి గడప దగ్గరే తిరిగేదాన్ని. ఆ ఏడు పండుగనాడు కూడా జొన్న గటకే తాగాం. గుమ్మిలో మిగిలిన జొన్నలు సంక్రాంతి దాకా కూడా రావని అవ్వ చెప్పింది. అప్పటికే అవ్వకు అక్కయిన మా పెద్దవ్వ బిడ్డ ఎల్లక్క మా ఇంట్లో ఉంటోంది. తండ్రి పోయాక పెద్దవ్వ మెట్‌పల్లి దిక్కు మట్టి పనికి వెళ్తూ, గోదావరి ఒడ్డున పుట్టిపెరిగిన ఈ పద్నాలుగేళ్ల పిల్లను మాకు అప్పజెప్పింది.

ఊరి వాగు ఇంకా సన్నగా పారుతోంది. ఇక చేపలే దిక్కన్నాడు బాపు. వలకు నూలు కావాలి, లాగడానికి నలుగురు కావాలి. నాకు గాలం వచ్చు. బాపే నేర్పాడు, నేను మొదటి కొర్రమట్టను పట్టిననాడు భుజానెత్తుకుని వాడకట్టంతా తిప్పాడు. అందుకే గాలమే వేద్దామన్నాను.

ఎల్లక్క మెల్లగా చెప్పింది: "గాలమైతే మనిషి దినమంత కూసోవాలె చిన్నబాపు. ఒక్కటి పడితే పడ్తది, లేకుంటే లేదు. బుట్టయితే మన పని మనం చేస్కోవచ్చు. చిన్నయి ఎక్కువ పడ్తయి, ఎండబెడితే ఎండకాలం ఎల్తది."

బాపు తలూపాడు. ఆమె వెదురు చీల్చి బుట్ట అల్లింది. మూతి వెడల్పు, లోపల గొంతు ఇరుకు, వెనక తోకకు మోదుగునార ముడి. చేపలను ఆ ముడి విప్పే తీయాలి. వాగుకు అడ్డంగా రాళ్లూ మట్టీ పేర్చి, వదిలిన సందులో దాన్ని పెట్టింది. మరునాటి నుంచి రోజూ పరకలు, జెల్లలు. చింతపండు పులుసు వాసన ఇల్లంతా నిండేది, మిగిలినవి చాప మీదికెక్కేవి. "ఈ పిల్ల లేకుంటే ఏమైపోతుంటిమో" అనేవాడు బాపు. ఆ మాట విని నేను గాలం తీసుకుని బయటపడేదాన్ని. మడుగు దగ్గర పొద్దంతా కూర్చుని నేను తెచ్చిన ఒక్క చేపను ఎవరూ చూడనైనా చూడలేదు.

ఒకనాడు తెల్లవారకముందే వాగుకు వెళ్లి తోక ముడి వదులు చేశాను. వచ్చిన చేప వచ్చినట్టే పోయింది. నాలుగు రోజులు అదే పని చేశాను. నాలుగోనాడు పొద్దున ఖాళీ బుట్ట చూసి బాపు అన్నాడు: "నీళ్లు తగ్గినయ్. ఇగ పడయి." ఆ సాయంత్రం అవ్వ తన గటక మా ఇద్దరికీ పంచి, తాను నీళ్లు తాగింది. మరునాడు ఎల్లక్కను పెద్దవ్వ దగ్గరికి పంపుదామన్నారు. మట్టి మోయడానికి. నేను కోరుకున్నది అదే. ముడి వదులు చేసింది నేనేనని మాత్రం చెప్పలేదు.

వెళ్లేముందు ఎల్లక్క నన్ను వాగుకు తీసుకెళ్లి నా చేత ముడి వేయించింది. "రెండు మార్లు చుట్టు రాజీ. అప్పుడు ఊశిపోదు" అంది. నా ముఖంలోకి చూడలేదు. ఆమెకు తెలుసు.

మరునాడు బుట్ట నిండింది. ఆ చేపలతోనే ఎండకాలం దాటాం. కానీ తిన్నప్పుడల్లా బాపు అనేవాడు: "ఎల్లి ఎంత మంచిగ నేర్పింది నీకు." అప్పుడూ కుళ్లాను.

తర్వాత పెళ్లిళ్లలో ఎన్నోసార్లు కలిశాం. మట్టి తట్టలు మోసి ఆమె మెడ ఒక పక్కకు వంగిపోయింది. ఆ ముడి ఊసు ఆమె ఏనాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు వాగులో ఇసుక తోడిన గుంతలే ఉన్నాయి. బుట్ట అల్లేవాళ్లు లేరు, ఎల్లక్కా లేదు. ఆ నాలుగు రోజులు నీళ్లు తగ్గే చేపలు పడలేదని బాపు చివరిదాకా నమ్మాడు. నేను కాదనలేదు.