పాడు నేలకు పదిహేను రూపాయల టికెట్టు

“సార్, మా నేల పాడని రాసింది మీరేనా?” అని మునెమ్మ ఫోన్లో అడిగినప్పుడు నేను కోడంబాక్కంలో మా వంటింట్లో దోసె తిరగేస్తున్నాను. దోసె మాడింది. పులికాట్ సరస్సులోని ఒక దీవిలో చేపలు పట్టుకుంటూ, కాస్త వరి వేసుకుని బతికే మనిషి ఆమె. విశ్వవిద్యాలయంలో నేలల గురించి పాఠాలు చెప్పే నేను, నిరుడు విద్యార్థులతో అక్కడ సర్వే చేయించాను. పొలం, బతుకుదెరువు రెంటినీ ఒకే గడిలో అడిగిన ఘనత నాదే. ఇంటింటా “మాకు పాడుండాది” అన్నారు. అయ్యో అనుకుని, దీవి నేలంతా పాడైపోయిందని నివేదిక రాశాను. వాళ్ళ పాడు వేరు. సరస్సులో ఏ రోజు ఎవరు వల వేయాలో చీట్లు తీసి పంచుకునే వంతుకు ఆ పేరు.

నా పుణ్యమా అని, ఉప్పునేలను తట్టుకునే వరి విత్తనాలిచ్చే జాబితాలోంచి దీవి ఎగిరిపోయింది. సోమవారమే పంపకం. మా ఆఫీసు సూపరింటెండెంటు దిద్దుబాటు కాగితం చేతికిచ్చి, “అచ్చుతప్పు అంటే కమిటీ వేయాలి సార్, వానలు వెళ్ళిపోతాయి. రాసినవాళ్ళే తమ తప్పని ఒప్పుకుంటే ఆ రోజే సరిచేస్తాం. ఊరివాళ్ళ సంతకాలు మాత్రం కావాలి” అన్నాడు.

శనివారం ఉదయం ఐదున్నరకు కోడంబాక్కంలో లోకల్ ఎక్కి, పార్క్ స్టేషన్లో దిగి, రోడ్డు దాటి మూర్ మార్కెట్ స్టేషన్ చేరాను. ఆరంబాక్కానికి టికెట్టు పదిహేను రూపాయలు. సూళ్ళూరుపేట బండే ఎక్కండి. గుమ్మిడిపూండిలో ఆగిపోయేది ఎక్కితే నాలాగా గంటసేపు ప్లాట్‌ఫారం మీద చల్లటి ఇడ్లీలు తినాలి.

తర్వాతి బండిలో, రాయపురంలో పీతల వ్యాపారం చేసే పెద్దాయన పక్కన చోటు దొరికింది.

“ఏం పనిగా పోతాండారు సార్?”

“ఒక మాటకు అర్థం తెలుసుకోడానికండీ.”

“దానికింత దూరమా? ఫోన్లో కొడితే వస్తాది కదా!”

ఆయన ముందే కనబడి ఉంటే నివేదిక ఆయన చేతే రాయించేవాణ్ణి.

ఆరంబాక్కం నుంచి రేవుకు షేర్ ఆటో, అక్కణ్ణించి పడవ. గొడుగు మరిచిపోకండి, నేను మరిచాను. పదకొండింటికి దీవిలో దిగేసరికి జనం చీట్లు తీస్తున్నారు. పెద్దమనిషిలా గొంతు సవరించుకుని లేచాను.

“కూసోండి సార్, మీ పాడు ఇంకా రాలా” అంది మునెమ్మ. అందరూ నవ్వారు. కూర్చున్నాను.

నా వంతు వచ్చేసరికి తయారుచేసుకున్న ఉపన్యాసం ఒక్క ముక్క గుర్తు లేదు. “తప్పు రాశాను, క్షమించండి” అన్నాను. ఒక ముసలాయన, “ఎంతదాకా చదివినారు సార్?” అని అడిగాడు. డాక్టరేటు అని చెప్పాను. “ఆడ దాకా పోయినా ఈ మాట రాలేదా?” అన్నాడు జాలిగా. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అందరూ సంతకాలు పెట్టారు.

మధ్యాహ్నం మునెమ్మ పీతల పులుసుతో అన్నం పెట్టింది. “పాడు నేలలో పండిన బియ్యం సార్, బయపడకుండా తినండి. ఈసారి మాత్రం యిత్తనం లేదు. మీరే దిక్కు.” ఆ మాటకు కంచం పక్కకు జరపబోయాను. కానీ మూడుసార్లు వడ్డించుకున్నానని కూడా రాయడం న్యాయం.

సాయంత్రం ఐదింటి బండిలో కాగితం తీశాను. వెళ్ళిరావడానికి ఒక్క రోజు చాలే చోటు అది. తెలుసుకోడానికే నాకు ఏడాది పట్టింది. కాగితంలో ‘కారణం’ అన్న గడి మిగిలింది. అలవాటు కొద్దీ ‘అచ్చు’ దాకా రాసేశాను. మునెమ్మ కట్టిచ్చిన బియ్యం మూట కాలికి తగులుతోంది. ఆ ముక్క కొట్టేసి, “నేల బాగానే ఉంది. నా తెలుగే పాడు” అని రాసి సంతకం చేశాను. పేరు ముందు డాక్టర్ అని పెట్టడానికి మాత్రం చెయ్యాడలేదు.