కొండ మెట్ల దగ్గర ఆయన పేరు

మేం దేశం దాటొచ్చి ఉంటున్న హామిల్టన్‌లో ఊరిని ఆనుకుని ఉన్న గట్టును అందరూ మౌంటెన్ అంటారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. బెజవాడ కొండలు చూసి పెరిగినదాన్ని, దీన్ని కొండ అంటే ఎలా ఒప్పుకుంటాను? దాని నడుము వెంట ఒకప్పుడు రైలు నడిచిన దారి ఉంది. పట్టాలు ఎప్పుడో పీకేశారు. ఇప్పుడది నడిచేవాళ్ళదీ, సైకిళ్ళవాళ్ళదీ.

ఆ చలికాలంలో మా ఆయనకు గుండెలో స్టెంట్ వేశారు. నడవొచ్చు, మెట్లూ ఎక్కొచ్చు అన్నారు డాక్టరు. ఈయన మాత్రం ఇంట్లో మేడ మీదికి వెళ్ళడమే మానేసి హాల్లో సోఫా మీద పడక వేశారు. మంచు కరిగినా అదే సోఫా. నేను వృద్ధుల హోమ్‌లో నర్సుని. రోజంతా పరాయివాళ్ళను బతిమాలి నడిపించి ఇంటికొస్తే, సొంత మనిషి కదలరు. ఒళ్ళు మండేది. లోపల మాత్రం భయం, ఈయన ఇక ఇలాగే ఉండిపోతారేమోనని.

మే నెలలో ఒక శనివారం బలవంతంగా ఆ దారికి తీసుకెళ్ళాను. చదునుగా ఉన్నంతసేపు బాగానే నడిచారు. జేబులో ఫోన్ బరువంటే నా సంచిలో వేసుకున్నాను. పైకెళ్ళే ఇనప మెట్లు కనబడగానే బెంచీ మీద కూలబడ్డారు.

"నావల్ల కాదు. నువ్వెళ్ళి చూసొచ్చేయ్."

"డాక్టరు ఎక్కొచ్చన్నారు కదండీ!"

"ఆయనకేం, గుండె నాది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "సరే, ఇక్కడే కూర్చోండి, వేళ్ళు పాతుకుంటాయి" అని విసవిసా ఎక్కేశాను. సగంలోనే ఆయాసం వచ్చింది కానీ, ఆయన చూస్తుండగా ఆగితే పరువేముంది? పైనుంచి ఊరంతా, దాని వెనక సరస్సూ కనిపించాయి. కిందికి తొంగి చూశాను. బెంచీ ఖాళీ.

ఫోన్ చేస్తే నా సంచిలోనే మోగింది. కమ్మీ పట్టుకుని "ఏవండీ! ఏవండోయ్!" అని కేకలేశాను. కుక్కను నడిపిస్తున్న ఒక తెల్లావిడ పరుగున వచ్చింది. మా ఆయన కనబడటం లేదన్నాను. "పేరేంటి? నేనూ పిలుస్తాను" అని ఇంగ్లీషులో అడిగింది.

పేరు! పెళ్ళయినప్పటి నుంచి ఆ పేరు నా నోట వస్తే ఒట్టు. మొగుడి పేరు పలకడం మా ఇళ్ళల్లో లేదు. హాస్పిటల్లో అడిగినా హెల్త్ కార్డు చూపించి ఊరుకున్నాను. పిల్లలు ఎంత ఎగతాళి చేసినా మారలేదు. అప్పుడు మాత్రం సిగ్గూ లేదు, గిగ్గూ లేదు. గొంతు చించుకుని పేరు పెట్టి పిలిచాను, ఆపకుండా. ఆవిడా గొంతు కలిపింది, సగం తప్పుగా.

మెట్లు దడదడలాడాయి. ఆయనే! చొక్కా అంతా చెమట, ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమైంది నీకు? పడ్డావా?"

"నాకేమవుతుంది! మీరెక్కడికి పోయారు?"

"మలుపు దగ్గర పాత రైలు ఫొటోలుంటే చూస్తున్నా. నువ్వు పేరు పెట్టి అరిచేసరికి... నీ ప్రాణం మీదికొచ్చిందనుకున్నానే."

చెయ్యి పట్టుకుని నాడి చూశాను. వేగంగా ఉంది కానీ లయ తప్పడం లేదు. ఆవిడ చూస్తుండగానే భోరుమన్నాను. "అలా పరుగెత్తి ఎవరెక్కమన్నారండీ!" అని తిట్టాను కూడా.

ఆయన అప్పుడు వెనక్కి తిరిగి, కిందిదాకా ఉన్న మెట్ల వంక చూశారు.

"ఇవన్నీ నేనే ఎక్కానా?"