క్యాసెట్లో వచ్చే బడి

వీరవేణికి అక్షరం ముక్క రాదు. అయినా ఆరో తరగతి సాంఘికశాస్త్రం అడగండి, గడగడా అప్పజెప్పేస్తుంది. గల్ఫులో, ఉమ్మ్ అల్ హస్సామ్‌ అనే చోట మేడం గారింట్లో బట్టలు ఇస్త్రీ చేస్తూ, క్యాసెట్లు వింటూ చదివిన చదువది. తొంభై మూడులో రాజోలు దగ్గరి ఊరు విడిచి వచ్చేటప్పుడు కూతురు బేబికి ఒకటే చెప్పింది.

"ఉత్తరాలు నాకెవరు సదివెడతారే? నీ పాఠాలే క్యాసెట్లో అప్పజెప్పి పంపు. ఇంటాను."

ఊరి నుంచి ఎవరొచ్చినా ఓ క్యాసెట్టు తెచ్చేవారు. అందులో బడి బడంతా దిగేది. గంట కొట్టడం, పక్క తరగతి పిల్లల ఎక్కాలు, వరండాలో అబ్బులు మాస్టారి కేకలు, మధ్యలో బేబి పాఠం. ఏడో తరగతి పరీక్ష గట్టెక్కితేనే హైస్కూలు. కూతుర్ని హైస్కూల్లో చూడాలనే ఈవిడ పరాయి దేశంలో అంట్లు తోముతోంది. మరే కోరికా లేదు.

తొంభై ఆరు ఫిబ్రవరిలో, దసరా తర్వాత మొదటి క్యాసెట్టు వచ్చింది. "అమ్మా, ఇది ఏడో తరగతి కొత్త పాఠం. పరీక్షలో తప్పకుండా వత్తాదంట," అంది బేబి. వీరవేణి మురిసిపోతూ ఇస్త్రీపెట్టె అందుకుంది. రెండు వాక్యాలు వినేసరికి చెయ్యి ఆగిపోయింది. నల్లరేగడి నేలలో పత్తి పండుతుందని క్యాసెట్టు చెప్పకముందే తన నోరు చెప్పేసింది! కొత్త పాఠం తనకెలా వచ్చు? వెనక్కి తిప్పి మళ్ళీ వింది. నిరుడు ఇస్త్రీబల్ల దగ్గర తాను కంఠతా పట్టిన ఆరో తరగతి పాఠమే, పొల్లు పోకుండా.

చెవి ఆనించి వింటే గంట లేదు, ఎక్కాలు లేవు. వెనకాల ఎవరో మూలుగుతున్నారు.

మేడంని బతిమాలుకుని వీధి చివరి ఫోను దగ్గరికి పరుగు తీసింది. ఊళ్ళో ఎస్టీడీ బూత్ అచ్చిబాబుది. "బేబినా? పిలుచుకొత్తానక్కా, అరగంటాగి మళ్ళీ సెయ్యి," అన్నాడు. గొంతులో ఏదో బెరుకు. ఆ అరగంటా ఆవిడ ఎండలో అక్కడే నిలబడింది.

"నిజం సెప్పు. బడికెల్తన్నావా?"

అవతల ఏడుపు. "దసరా కాడ్నించి ఎల్టం లేదమ్మా. నాయనమ్మకి పచ్చవాతం వచ్చింది. మంచం మీదే అన్నీ."

అత్తగారు పాపాయమ్మ పడిపోయి నాలుగు నెలలా? "మరి నాకు సెప్పలేదేంటే?"

"గల్ఫులో ఉన్నోళ్ళకి ఇయ్యన్నీ సెప్పకూడదన్నారు. నువ్వు బెంగెట్టుకుంటావని. నాన్నా అన్నాడు, మాస్టారూ అన్నారు."

గల్ఫు మనిషికి చెడ్డకబురు చెప్పకపోవడం ఆ ఊళ్ళో మర్యాద. అదేం మర్యాదో! ఊరు ఊరంతా కలిసి ఒక్క మనిషిని దయగా మోసం చేసింది. పదమూడేళ్ళ పిల్ల చేత కూడా చేయించింది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో వీరవేణికి తోచలేదు.

"పరీక్ష ఇంకా ఉంది కదే. రేపే బడికెళ్ళు. నాన్న సూసుకుంటాడు."

"నాన్న పడవ మీద పనికెల్తే ఇరవై రోజులకి గానీ రాడు కదమ్మా."

"ఇంట్లో ఇంకెవరికైనా అప్పజెప్పి ఎళ్ళవే!" అని అరిచింది.

బేబి మెల్లగా అడిగింది.

"ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?"

వీరవేణి రిసీవరు చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. అవతల పిల్ల "అమ్మా, అమ్మా" అని పిలుస్తూనే ఉంది.